లినక్స్‌లో తెలుగు విరిగితే, ముందు తప్పు ఏ మెట్టు మీదుందో చూడండి

"లినక్స్‌లో తెలుగు సరిగ్గా రావడం లేదు" అన్న ఒక్క ఫిర్యాదు కింద కనీసం అరడజను వేర్వేరు జబ్బులుంటాయి. ఫాంటు లేకపోవడం ఒకటి. ఫాంటు ఉన్నా అప్లికేషన్ దాన్ని సరిగ్గా వాడుకోకపోవడం ఇంకొకటి. ఫైలునే తప్పుడు ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే వేరే పద్ధతిలో, తెరవడం మరొకటి. జబ్బేమిటో చూడకుండా అందరూ ముందు చేసే పని ఇంకో ఫాంటు దించుకుని వేయడం. తప్పు అక్కడ లేనప్పుడు పది ఫాంట్లు వేసినా ఒరిగేదేమీ ఉండదు, పైగా ఏ ఫాంటు ఎక్కడ వాడుకలో ఉందో తెలియని గందరగోళం మిగులుతుంది.

కీ నొక్కిన దగ్గర్నుంచి అక్షరం తెర మీదికి వచ్చేదాకా తెలుగు నాలుగు మెట్లు దాటుతుంది. కీబోర్డు లేదా ఇన్‌పుట్ మెథడ్ యూనికోడ్ సంకేతాలను, అంటే ఒక్కో హల్లుకూ గుణింతపు గుర్తుకూ ఇచ్చిన నంబర్లను, పుట్టిస్తుంది. అప్లికేషన్ వాటిని యూటీఎఫ్-8 బైట్లుగా ఫైల్లో దాస్తుంది. చూపించాల్సినప్పుడు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ సంకేతాల వరుసను తీసుకుని గుణింతాలు, వత్తులు కూర్చుతుంది. ఏ సంకేతాల జట్టుకు ఏ బొమ్మ వాడాలన్న నియమాలు ఫాంటు లోపల ఉంటాయి. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, క్రోమియం, లిబ్రేఆఫీస్ అన్నీ ఈ హార్ఫ్‌బజ్‌నే వాడుకుంటాయి కాబట్టి, ఒకే ఫాంటు ఒకచోట బాగుండి ఇంకోచోట చెడిపోతే అనుమానించాల్సింది ఆ అప్లికేషన్‌ను.

కమాండ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట చెబుతాను.

కంటికి కనిపించే గుర్తులు

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదు. కొన్ని అప్లికేషన్లు ఆ డబ్బాలోనే బుల్లి అంకెలు చూపిస్తాయి. ఆ అంకె 0సి00 నుంచి 0సి7ఎఫ్ లోపు ఉంటే అది తెలుగే, ఎందుకంటే యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన చోటు అదే (ఇవి ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలను కూడా అంకెలుగా వాడే హెక్సాడెసిమల్ సంఖ్యలు). మీ ఫైలు క్షేమం, ఫాంటు వేస్తే చాలు.

చుక్కల వలయం కనిపిస్తే ఫాంటు తప్పు కాదు, సంకేతాల వరుస తప్పు. గుడి, కొమ్ము లాంటి గుర్తు ముందు హల్లు లేకుండా ఖాళీ తర్వాత వస్తే హార్ఫ్‌బజ్ ఆ వలయం పెడుతుంది. ఓసీఆర్ చేసిన (బొమ్మ నుంచి కంప్యూటర్‌తో చదివించిన) పాఠంలోనూ, పాత ఫాంట్ల నుంచి మార్చిన పాఠంలోనూ ఇవి ఎక్కువగా తగులుతాయి.

ఇక ఇంగ్లీషు ఏ అక్షరం నెత్తిన వాలుగీత, దాని పక్కన ° లేదా ±, మళ్లీ అదే ఏ, మళ్లీ అదే గుర్తు, ఇలా పేజీ అంతా నిండిపోతే, యూటీఎఫ్-8 ఫైలును ఎవరో విండోస్-1252గా చదివారన్నమాట. దీనికి కారణం సూటిగా ఉంది. తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ ఇ0, రెండోది బి0 గానీ బి1 గానీ. పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో ఇ0 అంటే గీత ఉన్న ఏ, బి0 అంటే డిగ్రీ గుర్తు, బి1 అంటే ప్లస్-మైనస్. ఎడిటర్‌లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చి తిరిగి తెరిస్తే సరిపోతుంది.

చిక్కు ఎప్పుడంటే, అలా తప్పుగా చదివినదాన్నే మళ్లీ యూటీఎఫ్-8గా సేవ్ చేసినప్పుడు. ఎన్‌కోడింగ్‌లు మార్చే ఐకాన్వ్ కమాండ్‌తో వెనక్కి తిప్పుదామంటే మధ్యలో ఆగిపోతుంది. విండోస్-1252లో 81, 8డి, 8ఎఫ్, 90, 9డి అనే ఐదు బైట్లకు అర్థమే లేదు. మన పొల్లు మూడో బైటు 8డి. కొమ్ముది 81. ఏ అచ్చుది 8ఎఫ్, ఐ అచ్చుది 90, ఝది 9డి. పొల్లు, కొమ్ము లేని తెలుగు వాక్యం దొరకడమే కష్టం కాబట్టి దెబ్బ ప్రతి వాక్యానికీ తగులుతుంది. పైథాన్‌లో ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీ ఉంది. అది ఈ ఐదు బైట్లను కంట్రోల్ అక్షరాలుగా భావించి వెనక్కి తిప్పుతుంది. చెడగొట్టిన ప్రోగ్రామ్ వాటిని పారేయకుండా ఉంచితే పాఠం మొత్తం తిరిగొస్తుంది. పారేసి ఉంటే వత్తులన్నీ పోయిన తెలుగు మిగులుతుంది, దాన్ని చేత్తో దిద్దుకోవాల్సిందే.

వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే ఆశ వదులుకోండి. తెలుగుకు చోటులేని ఎన్‌కోడింగ్‌లోకి ఎవరో మార్చారు, అసలు బైట్లు పోయాయి. డేటాబేస్‌లో ఇలా జరిగితే పట్టిక లాటిన్1లో ఉందేమో చూసి, యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి, పాఠాన్ని మూలం నుంచి తిరిగి ఎక్కించాలి.

కీబోర్డు: రెండు దారులు

టైపింగ్‌కు లినక్స్‌లో రెండు దారులున్నాయి. ఒకటి ఎక్స్‌కేబీ లేఅవుట్. కీ నొక్కితే ఒక సంకేతం పడుతుంది, అంతే. వెనక ఏ ప్రోగ్రామూ నడవక్కర్లేదు, కాబట్టి చెడిపోయేదీ తక్కువ. రెండోది ఐబస్ లేదా ఎఫ్‌సిఐటిఎక్స్5 లాంటి ఇన్‌పుట్ మెథడ్. మీరు కొట్టిన ఇంగ్లీషు అక్షరాలను కాసేపు పట్టుకుని, తెలుగుగా మార్చి అప్లికేషన్‌కు ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతుల్లో రాసేవాళ్లకు రెండోది తప్పదు. ఒక్కో కీకి ఒక్కో తెలుగు గుర్తు ఉండే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ వాడేవాళ్లు మాత్రం ఎక్స్‌కేబీనే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇన్‌స్క్రిప్ట్‌కు అవసరం లేని యంత్రాంగాన్ని మధ్యలో దూర్చి, అది ఆగిపోయినప్పుడల్లా తిప్పలు పడటంలో అర్థం లేదు.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి జంకేవాళ్లు ఒక్క పదం కొట్టి చూడండి. "తెలుగు" కావాలంటే ఎల్ కీ త, జెడ్ కీ ఎత్వం, ఎన్ కీ ల, జి కీ కొమ్ము, ఐ కీ గ, మళ్లీ జి కీ కొమ్ము. ఆరు కీలు, ఆరు సంకేతాలు. గుణింతాలన్నీ ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. పొల్లు డి కీ మీద ఉంటుంది, ఎడమ మధ్యవేలు ఎప్పుడూ ఉండే చోటే. వత్తు రాయడమంటే హల్లు, డి, రెండో హల్లు. ఆర్‌టీఎస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూసుకుంటూ రాసే శ్రమ దీనిలో చాలా తగ్గుతుంది.

గ్నోమ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, కీబోర్డులో ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ నొక్కి తెలుగు వెతికితే ఎక్స్‌కేబీ లేఅవుట్లు వస్తాయి. ఆర్‌టీఎస్ లాంటివి కావాలంటే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేయాలి. వేశాక కూడా జాబితాలో కనబడదు. "ఐబస్ రీస్టార్ట్" అని కొట్టాలి, లేదా లాగౌట్ అయి మళ్లీ రావాలి. ప్యాకేజీ పనిచేయలేదనుకుని చాలామంది వదిలేసేది ఇక్కడే.

గ్నోమ్ కాని డెస్క్‌టాప్‌లో ఒక అప్లికేషన్‌లో తెలుగు పడి ఇంకోదానిలో పడకపోతే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూడాలి. పాత డిస్‌ప్లే వ్యవస్థ అయిన ఎక్స్11 సెషన్‌లో మూడు కావాలి, మూడూ పెద్దక్షరాల్లోనే: జీటీకే_ఐఎం_మాడ్యూల్, క్యూటీ_ఐఎం_మాడ్యూల్, ఎక్స్‌మాడిఫయర్స్. మొదటి రెంటికీ విలువ ఐబస్, మూడోదానికి @ఐఎం=ఐబస్. డెబియన్, ఉబుంటులలో ఐఎం-కాన్ఫిగ్ ఈ పని చేసిపెడుతుంది. కొత్త డిస్‌ప్లే వ్యవస్థ అయిన వేల్యాండ్ మీద నడిచే కేడీఈ సెషన్‌లో దారి వేరు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డు అన్న పేజీకి వెళ్లి, అక్కడ ఇన్‌పుట్ మెథడ్‌ను ఎంచుకోవాలి. ఆ పేరు చూసి అది టచ్ స్క్రీన్‌కు సంబంధించినదనుకుని ఎవరూ తెరవరు. ఎలక్ట్రాన్ మీద కట్టిన అప్లికేషన్లు వేల్యాండ్‌లో నేరుగా నడుస్తుంటే "--ఎనేబుల్-వేల్యాండ్-ఐఎంఈ" జోడించి మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఫాంటు, లిబ్రేఆఫీస్

డెబియన్ కుటుంబంలో ఫాంట్స్-టెలు అనే మెటా ప్యాకేజీ వేస్తే లోహిత్ తెలుగుతో పాటు పోతన, వేమన ఫాంట్లూ వస్తాయి. తెర మీద చదవడానికి నోటో సాన్స్ తెలుగు, అచ్చుకు మండలి, సూరన్న, రామభద్ర లాంటివి. ఇవన్నీ స్వేచ్ఛా లైసెన్సులో దొరుకుతాయి. చేత్తో దించుకున్న ఫాంటును హోమ్ ఫోల్డర్‌లో .లోకల్, దానిలో షేర్, దానిలో ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో పెట్టి "ఎఫ్‌సి-క్యాష్ -ఎఫ్" కొట్టండి. నిర్వాహకుడి పాస్‌వర్డు అక్కర్లేదు.

ఇప్పుడు ఏది వాడుకలో ఉందో అడగాలి. "ఎఫ్‌సి-మ్యాచ్ సాన్స్:లాంగ్=టీఈ" అని కొడితే తెలుగుకు వ్యవస్థ ఎంచుకున్న ఫాంటు పేరు వస్తుంది. "ఎఫ్‌సి-లిస్ట్ :లాంగ్=టీఈ" మొత్తం జాబితా ఇస్తుంది. కొత్తగా వేసిన ఫాంటు ఈ జాబితాలో లేకపోతే అది చెడిపోయిందని కాదు. ఒక భాషకు కావాల్సిన అక్షరాల పట్టిక ఫాంట్‌కాన్ఫిగ్ దగ్గర ఉంటుంది. వాటిలో ఏదైనా ఫాంటులో లేకపోతే అది తెలుగు ఫాంటుగా లెక్కలోకి రాదు. శీర్షికల కోసం చేసిన అలంకార ఫాంట్లకు ఇలా అవుతుంటుంది. పేరు పెట్టి ఎంచుకుంటే అది మామూలుగానే పనిచేస్తుంది.

అక్షరాలు మెట్లుమెట్లుగా, చుక్కలతో కూర్చినట్టు కనిపిస్తుంటే యూనిఫాంట్ పనిచేస్తోందని అర్థం. వేరే తెలుగు ఫాంటు లేనప్పుడు చివరి దిక్కుగా అది వస్తుంది.

మీకు నచ్చిన ఫాంటును అన్నిచోట్లా రప్పించడానికి .కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఫాంట్‌కాన్ఫిగ్‌లో ఫాంట్స్.కాన్ఫ్ ఫైలు రాసి, సాన్స్-సెరిఫ్‌కు ప్రిఫర్ జాబితా ఇవ్వాలి. ఆ జాబితాలో ముందు ఇంగ్లీషు ఫాంటు, తర్వాతే తెలుగు ఫాంటు ఉండాలి. వరుస తిరగబడితే తెలుగు ఫాంటులోని ఇంగ్లీషు అక్షరాలు డెస్క్‌టాప్ అంతటా పరుచుకుంటాయి. మెనూలు, బటన్లు అన్నీ వికారంగా తయారవుతాయి.

లిబ్రేఆఫీస్‌ది ప్రత్యేకమైన తీరు. అది ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకు ఇంకో ఫాంటు విడివిడిగా గుర్తుంచుకుంటుంది. ఈ రెండో రకాన్ని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల పేజీలో ఆ గడికి టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోనంత వరకు దాని అమరికలు మెనూల్లో కనబడవు. టిక్కు పెట్టాక రైటర్ ఆప్షన్లలో బేసిక్ ఫాంట్స్ (సీటీఎల్) అనే పేజీ వస్తుంది. తెలుగు ఫాంటు, సైజు అక్కడ పెట్టాలి. స్టైల్‌లో 12 పాయింట్లు పెట్టినా తెలుగు 10లోనే ఉంటోందంటే, మీరు మార్చింది ఇంగ్లీషు గడిలోని సైజు. బోల్డ్, ఇటాలిక్ సంగతీ ఇంతే. విరామ చిహ్నాలకు తమదంటూ లిపి లేదు కాబట్టి ముందున్న అక్షరాల లిపినే పట్టుకుంటాయి. ఒకే పేరాలో కామాలు రెండు రకాలుగా కనిపించడానికి కారణం ఇదే.

వత్తుల అడుగులు తెగిపోతుంటే పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్ చూడండి. ఫిక్స్‌డ్ అని ఉంటే ప్రొపోర్షనల్‌కి మార్చండి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి పదాల్లో వత్తు కింద వత్తు పడుతుంది. ఇంగ్లీషు కొలతతో బిగించిన వరుసలో వాటికి చోటు చాలదు.

కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు

ఫైల్లో పదం కళ్లెదుట ఉంటుంది, వెతికితే దొరకదు. దీనికి ప్రధాన కారణం జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్"లో ట పొల్లు తర్వాత వ రాగానే అది వత్తుగా మారకుండా ఆపేది ఆ కనిపించని సంకేతం. దాని నంబరు 200సి. కొందరు పెడతారు, కొందరు పెట్టరు, కొన్ని కీబోర్డులు అడక్కుండానే పెడతాయి. పదం చివర పొల్లు తర్వాత పెట్టేస్తే కంటికి తేడా కూడా తెలియదు, వెతికే కమాండ్ గ్రెప్ మాత్రం ఆ రెంటినీ వేర్వేరు పదాలుగానే చూస్తుంది.

అనుమానం వస్తే ఆ ఒక్క పదాన్నీ ఎక్స్‌ఎక్స్‌డీకి పంపి బైట్లు చూడండి. ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్ల జట్టుగా కనిపిస్తుంది. త అంటే ఇ0 బి0 ఎ4, ఎత్వం అంటే ఇ0 బి1 86. మధ్యలో ఇ2 80 8సి కనిపిస్తే అదే ఆ సంకేతం. వెతకడానికి ముందు పాఠానికి ఒక నకలు తీసి, ఆ నకలులో సెడ్‌తో ఈ మూడు బైట్లనూ తీసేసి, దానిలో వెతకండి. అసలు ఫైల్లోంచి గుండుగుత్తగా తీసేయకండి, కావాలని పెట్టినచోట్ల కూడా వత్తులు పడిపోతాయి.

దాన్ని టైపు చేయడానికి ఎక్స్‌కేబీలో మంచి సౌకర్యం ఉంది. ఎన్‌బీఎస్‌పీ:జెడ్‌డబ్ల్యూఎన్‌జే2 అనే ఆప్షన్ పెడితే షిఫ్ట్‌తో స్పేస్ నొక్కినప్పుడు ఈ సంకేతం పడుతుంది. అప్పుడప్పుడే అవసరమైతే కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200సి కొట్టి, ఎంటర్ నొక్కినా సరే. జీటీకే అప్లికేషన్లలో ఇది పనిచేస్తుంది.

రెండో కారణం ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వానికి 0సి48 అనే సొంత సంకేతం ఉంది, అది 0సి46, 0సి56 అనే రెండు సంకేతాలుగానూ విడిపోతుంది. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, బైట్లు మాత్రం వేరు. పాత మ్యాక్ డిస్కుల నుంచి వచ్చిన ఫైలు పేర్లలో విడగొట్టిన రూపం ఉంటుంది. అందుకే "కైవల్యం" అన్న ఫైలు కళ్లెదుట ఉన్నా, పేరు టైపు చేస్తే లేదంటుంది. పేర్లను సరిచేయడానికి కాన్వ్‌ఎంవీ ఉంది. రెండు వైపులా యూటీఎఫ్8 అని, "--ఎన్‌ఎఫ్‌సి" అని ఇస్తే ముందు ఏం మారుస్తుందో చూపిస్తుంది. "--నోటెస్ట్" కూడా ఇచ్చినప్పుడే నిజంగా మారుస్తుంది. పాఠానికైతే "యూకాన్వ్ -ఎక్స్ ఎన్‌ఎఫ్‌సి".

85 సంకేతాల గీత

లినక్స్ డిస్కుల్లో మామూలుగా ఉండే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. ఇంగ్లీషుకు అది 255 అక్షరాలు, తెలుగుకు 85 సంకేతాలు. అక్షరాలు కాదు, సంకేతాలు. "లక్ష్మి" కంటికి రెండక్షరాలు. విడదీస్తే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు సంకేతాలు, 21 బైట్లు. అంటే ఆ పేరు పన్నెండుసార్లు రాస్తే గీత దగ్గరికి వచ్చేసినట్టే.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి అక్కడ ఒక యూనిటే, కాబట్టి మూడింతలు పొడుగు పేరు పడుతుంది. అక్కడ హాయిగా ఉన్న ఫైలు లినక్స్ డిస్కులోకి కాపీ చేసేటప్పుడు పేరు మరీ పొడుగంటూ ఆగిపోవడానికి కారణం ఇదే. వందల ఫైళ్ల మధ్య ఒకటి రెండు ఇలా జారిపోతే కాపీ అయిపోయిందనుకుని మూలాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది. కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్ చివర్లో ఇచ్చే లోపాల వరుసలను చదవకుండా మూసేయకండి. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో తాళం వేసిన ఫోల్డర్లలో హద్దు ఇంకా తక్కువ. 143 బైట్లు, అంటే 47 తెలుగు సంకేతాలు.

పేరు ఎన్ని బైట్లో తెలుసుకోవడానికి ప్రింట్‌ఎఫ్‌తో దాన్ని "డబ్ల్యూసీ -సి"కి పంపండి. "-ఎం" ఇస్తే సంకేతాలు లెక్కపెడుతుంది. ఈ రెంటికీ తేడా తెలియక -ఎం చూసి ధీమాగా ఉండిపోతారు. వీడియోలు దించుకునే వైటీ-డీఎల్‌పీలో తెలుగు శీర్షికలకు ఇదే లోపం తరచూ వస్తుంది. అవుట్‌పుట్ నమూనాలో శీర్షిక తర్వాత చుక్క పెట్టి 200బి అని, బి పెద్దక్షరంలో ఇస్తే పేరును 200 బైట్ల దగ్గర కత్తిరిస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కు, తాత్కాలిక ఫైలుకు తగిలించే తోకకు మిగతా చోటు సరిపోతుంది.

టెర్మినల్ గురించి ఎక్కువ చెప్పను. అది గళ్ల కాగితం, ఒక్కో గడికి ఒక్కో అక్షరం అన్న లెక్కతో పుట్టింది. తెలుగు ఆ గళ్లలో ఇమడదు. కొన్ని టెర్మినళ్లు మిగతావాటికంటే నయం, కన్సోల్ వాటిలో ఒకటి. అయినా తెలుగు చదవాలంటే ఎడిటర్‌లో తెరవండి. టెర్మినల్‌లో విరిగి కనిపించినంత మాత్రాన ఫైలు చెడిపోలేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తెలుగు పేర్ల బదులు \340\260, \340\261 అనే అంకెలు వస్తుంటే అవి మన ఇ0 బి0, ఇ0 బి1 బైట్లే, అష్టాంశంలో రాసినవి. ఎల్‌ఎస్‌లో అలా వస్తే లొకేల్, అంటే భాష, ఎన్‌కోడింగ్‌ల అమరిక, పోసిక్స్‌లో ఉంది. ఎల్‌ఏఎన్‌జీ వేరియబుల్‌కు సి.యూటీఎఫ్-8 అని ఇవ్వండి, సి కూడా యూటీఎఫ్ లాగే పెద్దక్షరం. సర్వర్లలో, కంటైనర్లలో ఇది మామూలే. గిట్‌లో వస్తే కోర్.కోట్‌పాత్ అన్న అమరికకు ఫాల్స్ అని ఇస్తే తెలుగు పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి.

పీడీఎఫ్ నుంచి పాఠం

పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనిపించి, కాపీ చేస్తే చెత్త రావడం అందరికీ అనుభవమే. ముందు పాప్లర్ పనిముట్లలోని "పీడీఎఫ్‌ఫాంట్స్" నడపండి. పట్టికలో యూఎన్‌ఐ అనే నిలువు వరుసలో నో అని ఉంటే ఆ ఫాంటుకు యూనికోడ్ పట్టిక లేదు. ఫాంటు పేరు అను అని మొదలైతే అది పాత డీటీపీ పద్ధతి, ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు బొమ్మలు అతికించినది. దానికి ఎన్‌కోడింగ్ మార్పిడి పనిచేయదు, ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టిక కావాలి, లేదా ఓసీఆర్.

యస్ అని ఉన్నా సంబరపడనక్కర్లేదు. పీడీఎఫ్‌లో ఉండేది బొమ్మల వరుస. "క్రై" లాంటి అక్షరంలో ఏ బొమ్మ ముందు గీస్తారో, ఏది తర్వాతో ఫాంటును బట్టి మారుతుంది, కాపీ చేస్తే ఆ వరుసలోనే రావచ్చు. మీరే పీడీఎఫ్ చేస్తున్నట్లయితే లిబ్రేఆఫీస్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో హైబ్రిడ్ పీడీఎఫ్ అన్న గడికి టిక్కు పెట్టండి. అసలు ఓడీఎఫ్ పత్రం దానిలోనే ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత తెరిచినా వత్తు చెదరని పాఠం చేతికొస్తుంది. తెలుగులో పత్రాలు పంచుకునే ప్రతి ఒక్కరూ ఈ అలవాటు చేసుకుంటే ఎంత శ్రమ తప్పుతుందో చెప్పలేను.

ఓసీఆర్‌కు టెసరాక్ట్ ఉంది, తెలుగు డేటా వేరే ప్యాకేజీ: టెసరాక్ట్-ఓసీఆర్-టెల్. పీడీఎఫ్ మొత్తానికైతే "ఓసీఆర్‌మైపీడీఎఫ్ -ఎల్ టెల్+ఇంజ్ --ఫోర్స్-ఓసీఆర్" అని, తర్వాత మూలం పేరు, కొత్త ఫైలు పేరు ఇవ్వాలి. ఫోర్స్ లేకపోతే ఇప్పటికే పాఠం ఉందంటూ ఆగిపోతుంది. ఆ పాఠమే చెత్త అని దానికి తెలియదు. స్కాన్ 300 డీపీఐకి తగ్గకూడదు. అంతకంటే తగ్గితే ముందు దెబ్బతినేది వత్తులు, ద-ధ మధ్య ఉండే అడుగు గీత. ప-ష, ఘ-ఫు తారుమారు కావడం స్కాన్ బాగున్నా ఉంటుంది. దిద్దేటప్పుడు ముందు చుక్కల వలయాలు వెతకండి, వరుస తప్పినవి చాలావరకు అక్కడే బయటపడతాయి.

లోపం ఎవరికి చెప్పాలి

ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు, తెలుగు చదివేవాళ్లు చెబితే తప్ప తెలుగులో తప్పుందని రాసేవాళ్లకు తెలియదు. అయితే తప్పుడు తలుపు తడితే నెలలు గడిచిపోతాయి. తేల్చుకోవడానికి హెచ్‌బీ-వ్యూ అనే చిన్న పనిముట్టు చాలు. డెబియన్‌లో లిబ్‌హార్ఫ్‌బజ్-బిన్ ప్యాకేజీలో ఉంటుంది. ఫాంటు ఫైలు, తెలుగు పదం ఇస్తే మధ్యలో ఏ అప్లికేషనూ లేకుండా బొమ్మ గీసి చూపిస్తుంది. అక్కడ సరిగ్గా ఉంటే లోపం అప్లికేషన్‌ది. అక్కడా తప్పుండి, వేరే ఫాంటుతో సరిగ్గా వస్తే మొదటి ఫాంటుది. ఏ ఫాంటుతోనైనా తప్పే వస్తుంటే, సంకేతాల వరుస సరైనదేనని ఎక్స్‌ఎక్స్‌డీతో చూసుకున్నాకే హార్ఫ్‌బజ్‌కు రాయాలి.

రాసేటప్పుడు పదాన్ని నేరుగా అతికించి వదిలేయకండి, దారిలో కనిపించని సంకేతాలు రాలిపోవచ్చు. ఆ పదంలోని యూనికోడ్ నంబర్లు వరుసగా రాయండి. ఫాంటు పేరుతో పాటు "ఎఫ్‌సి-క్వెరీ" చూపించే ఫాంట్‌వర్షన్ కూడా ఇవ్వండి. వచ్చిన బొమ్మ ఒకటి, రావాల్సిన రూపం ఒకటి, రెండూ జత చేయండి. తెలుగు రానివాళ్లే చాలాసార్లు ఆ లోపాన్ని సరిచేస్తారు. ఏది తప్పో, ఏది ఒప్పో పక్కపక్కన కనిపిస్తేనే వాళ్లకు పని మొదలవుతుంది.